దుర్గాబాయి జైలులో వేసుకున్న ప్రశ్న
(డిగ్రీ కళాశాల విద్యార్థినీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశంలో కష్టాలు, ఆత్మపరిశీలన, వ్యక్తిత్వ వికాసం అనే మూడు మాటలు ఉన్నాయి. వీటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చగానే వినేవారి మనసులో ఒక లెక్క దానంతట అదే సిద్ధమవుతుంది. కష్టం వస్తుంది, మనిషి తనలోకి తాను చూసుకుంటాడు, మునుపటికంటె గొప్పవాడై బయటికి వస్తాడు. బస్టాండు పుస్తకాల దుకాణంలో దొరికే వ్యక్తిత్వ వికాస గ్రంథాలలో ఈ లెక్క ఎన్నడూ తప్పదు. మనకు తెలిసిన మనుషుల మధ్య మాత్రం అంత తేలికగా కుదరదు. ఒకే రకమైన దెబ్బ తిన్న ఇద్దరిలో ఒకరు ఇతరుల బాధ అర్థం చేసుకోగల మనిషిగా తయారవుతారు, మరొకరు జీవితాంతం ఎవరినీ నమ్మలేని మనిషిగా మిగిలిపోతారు, కష్టం ఏమీ నేర్పకుండానే దాటిపోయినవారు కూడా కావలసినంత మంది ఉంటారు. అందువల్ల కష్టం మనిషిని పెంచుతుందన్న మాటను నేను ముందుగా ఒప్పుకోను. ఎప్పుడు పెంచుతుంది, ఏ ఆలోచన తోడైతే పెంచుతుంది అన్నది చూడవలసిన విషయం. దానిని సాధారణ సూత్రాలతో కాక, మన తెలుగు నేల మీద పుట్టిన ఒక స్త్రీ జీవితాన్ని దగ్గరగా చూస్తూ మాట్లాడుకుందాం. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈ పేరు మీలో చాలామందికి హైదరాబాదు విద్యానగర్‌లోని ఆసుపత్రి బోర్డు మీద చూసినదిగానో, పోటీ పరీక్షల గైడులో ఒక వాక్యంగానో తెలిసి ఉంటుంది. గైడులోని ఆ వాక్యం సాధారణంగా 1923 నాటి కాకినాడ కాంగ్రెసు మహాసభల గురించి ఉంటుంది. ప్రదర్శనశాల ద్వారం దగ్గర స్వచ్ఛంద సేవికగా నిలబడిన పద్నాలుగేళ్ళ బాలిక, టిక్కెట్టు లేకుండా లోపలికి వెళ్ళబోయిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపింది. నిర్వాహకులు పరుగున వచ్చి టిక్కెట్టు కొన్న తరువాతే ఆయనను లోపలికి పోనిచ్చింది. ముచ్చటైన కథే కాని, ఇది ఆమె నిబద్ధతను చూపుతుందే తప్ప ఆమె ఎలా ఎదిగిందో చెప్పదు. అప్పచెప్పిన పనిని తు.చ. తప్పకుండా చేయడం మంచి గుణమే. ఆ పని ఎందుకు చేస్తున్నాను, ఇంకేం చేయాలి అని తనను తాను అడగడం దానికంటె కష్టమైన గుణం. మనకు కావలసింది ఆ రెండవది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదవ ఏట ఒక సంపన్న కుటుంబపు అబ్బాయితో పెళ్ళి చేశారు. ఆ కాలానికి అది వింత కాదు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే, బడిలో ఇంగ్లీషు బోధనను రుద్దుతున్నారన్న నిరసనతో ఆమె చదువు మానేశారు. మానేసి ఇంట్లో కూర్చోలేదు. తాను నేర్చుకున్న హిందీని ఇతర స్త్రీలకు నేర్పడానికి ఒక చిన్న పాఠశాల నడిపారు. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసినప్పుడు, దేవదాసీ స్త్రీలను, బురఖాలలో ఉండే ముస్లిం స్త్రీలను ఆయనతో కలిపించాలని పట్టుబట్టారు. గాంధీజీకి ఐదు వేల రూపాయల నిధి సమర్పించగలిగితే కొద్ది నిమిషాలు సమయం ఇప్పిస్తామని స్థానిక నాయకులు అన్నారు. ఐదు వేలంటే ఆ రోజుల్లో పెద్ద మొత్తం. చిన్నపిల్లను నొప్పించకుండా వదిలించుకోవడానికే ఆ మాట అన్నారని నాకనిపిస్తుంది. దేవదాసీ స్త్రీలే ఆ డబ్బు పోగుచేశారు. కొద్ది నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంటకు పైగా మాట్లాడారు, స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు, ఆయన తరువాతి సభలో ప్రసంగాన్ని తెలుగు చేసే పని ఆ బాలికకే అప్పగించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సమాజం గడప అవతల నిలబెట్టిన స్త్రీలు ఆ వయసులోనే ఆమె కంటికి కనబడ్డారు. తరువాతి జీవితంలో ఆమె చేసిన పెద్ద పనులన్నింటికీ మూలం ఈ చూపులోనే ఉందని నా నమ్మకం.

పదిహేనేళ్ళ వయసులో, కాపురానికి పంపే సమయం వచ్చినప్పుడు, ఆమె వెళ్ళనన్నారు. తన జీవితం, తన ఆలోచనలు వేరని, మరొకరిని పెళ్ళి చేసుకోమని భర్తకు చెప్పారు. తండ్రి, తమ్ముడు ఆమె వైపు నిలబడ్డారు. ఈ ఘట్టాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెప్పి ముందుకు సాగిపోవడం తేలిక. కాని ధైర్యం ఒక్కటే అయితే గొడవ పడి బయటికి రావచ్చు. ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా, ఈ బంధంలో ఉంటే ఇద్దరమూ సుఖపడలేమని గుర్తించి, అవతలి మనిషి బతుకు కూడా పాడు కాకుండా దారి చూపడానికి తన గురించి తనకు స్పష్టత ఉండాలి. ఆ స్పష్టత పదిహేనేళ్ళ పిల్లకు ఎలా వచ్చిందో నేను చెప్పలేను. దాని కొనసాగింపు మాత్రం చాలా ఏళ్ళ తరువాత కనిపిస్తుంది. ఆ భర్త మరణించిన తరువాత ఆయన రెండవ భార్య బంధువుల నిరాదరణకు గురై దిక్కుతోచని స్థితిలో ఉన్నప్పుడు, ఆమెను చేరదీసి వృత్తి శిక్షణ ఇప్పించి తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేసింది దుర్గాబాయి గారే. తాను కాదనుకున్న జీవితాన్ని తన స్థానంలో మరొక స్త్రీ గడపవలసి వచ్చిందన్న సంగతి ఆమె మరిచిపోలేదన్నమాట.

ఇక జైలు సంగతికి వద్దాం. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె అరెస్టయ్యారు. 1930 నుంచి 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వెల్లూరు జైలులోనూ, మదురై జైలులోనూ ఉన్నారు. అప్పటికి ఆమె వయసు ఇరవైకీ ఇరవై నాలుగుకూ మధ్య. అంటే ఈ హాలులో కూర్చున్న మీ వయసే.

రాజకీయ ఖైదీగా వెళ్ళినవారికి జైలులో ఒక ఓదార్పు ఉంటుంది. తాను ఏ తప్పూ చేయలేదని, దేశం కోసం వచ్చానని తెలుసు. బయట తన కోసం దండలు పట్టుకుని ఎదురుచూసేవారుంటారని తెలుసు. వెల్లూరు జైలులో అదే ఆవరణలో మరికొందరు స్త్రీలు ఉన్నారు. వారికోసం ఎదురుచూసే దండలు లేవు. హత్య వంటి నేరాల కింద శిక్ష పడ్డ ఆడవాళ్ళు వారు. దుర్గాబాయి వారితో మాట్లాడారు, వారి కథలు విన్నారు. వారిలో కొందరు చేయని నేరాన్ని ఒప్పుకున్నవారు. న్యాయస్థానంలో ఏం జరుగుతున్నదో, తాము చెబుతున్న మాటకు ఏమి అర్థం వస్తుందో, తమ తరఫున మాట్లాడటానికి ఒకరిని పెట్టుకోవచ్చునన్న సంగతి కూడా తెలియక శిక్షలు అనుభవిస్తున్నవారు. చదువు లేదు, చట్టం తెలియదు, అండగా మగదిక్కు లేదు, ఉన్న మగదిక్కే కొన్నిసార్లు వారిని అక్కడికి పంపింది.

వారి కథ వింటూ, తన దగ్గర ఏముందో ఆమె లెక్క చూసుకున్నారని నేను అనుకుంటాను. దేశభక్తి ఉంది. ధైర్యం ఉంది. జనం ముందు మాట్లాడగల శక్తి ఉంది. కాని ఎదురుగా కూర్చున్న ఈ స్త్రీకి సహాయం చేయడానికి వాటిలో ఏ ఒక్కటీ అక్కరకు రాదు. కావలసింది చట్టం చదువుకున్న మనిషి. తాను చూస్తే బడి మధ్యలో మానేసిన మనిషి.

ఈ క్షణం నాకు ఈ ప్రసంగమంతటిలోకి ముఖ్యమైనది. జైలు గదిలో కూర్చున్న మనిషికి సహజంగా వచ్చే ప్రశ్న "నాకే ఎందుకు ఇలా జరిగింది?" అన్నది. ఆమెకు ఆ ప్రశ్న వేసుకోవడానికి కావలసినన్ని కారణాలున్నాయి. మదురై జైలులో ఆమెను ఒంటరి గదిలో, ఉరిశిక్ష పడ్డ ఖైదీల గదులకు దగ్గరగా ఉంచారు. ఆరోగ్యం పాడయింది. అయినా ఆమె అక్కడినుంచి మోసుకు వచ్చిన ప్రశ్న వేరు. "ఇది నాతో పాటు ఇంకెవరికి జరుగుతోంది, వారికి పనికి రావాలంటే నాలో లేనిదేమిటి?" ఈ వాక్యం నేను కూర్చినది, ఆమె నోట వచ్చినది కాదు. కాని విడుదలైన తరువాత ఆమె ఒకదాని వెంట ఒకటిగా చేసిన పనులను వరసగా పేర్చి చూస్తే, ఆ ప్రశ్నకు జవాబు రాస్తున్నట్టుగా ఉంటుంది.

ఈ తేడాను మనస్తత్వ శాస్త్రం కూడా పట్టించుకుంది. సూసన్ నోలెన్-హోక్సెమా అనే అమెరికన్ మనస్తత్వవేత్త మనుషులు తమ బాధ గురించి ఆలోచించే తీరును దీర్ఘకాలం అధ్యయనం చేశారు. బాధ చుట్టూ, దాని కారణాల చుట్టూ, తన అసమర్థత చుట్టూ తిరిగి తిరిగి అదే ఆలోచన చేసే అలవాటు ఉన్నవారిలో కుంగుబాటు మరింత ఎక్కువగా, మరింత కాలం ఉంటుందని ఆమె చూపారు. బయటికి ఇది ఆత్మపరిశీలన లాగే కనిపిస్తుంది. ఆ మనిషి కూడా రాత్రంతా మేలుకుని తన గురించే ఆలోచిస్తున్నాడు కదా అనిపిస్తుంది. కాని గానుగెద్దు రోజంతా నడిచినా ఊరు దాటనట్టే ఆ ఆలోచన కూడా మొదలైన చోటనే ఉంటుంది. తనను తాను తిట్టుకోవడం నిజాయితీకి గుర్తు అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. మన ఇళ్ళలో పిల్లలకు అదే నేర్పుతాం కూడా. మార్కులు తక్కువ వస్తే "సిగ్గుపడు" అంటాం. ఏ పాఠం దగ్గర తెగిపోయిందో చూసుకోమని చెప్పం. సిగ్గుపడటానికి సమయం పట్టదు కాని, చూసుకోవడానికి ఓపిక కావాలి.

మరో ఇద్దరు పరిశోధకులు, రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్‌హూన్, 1990లలో ఇంకో వైపునుంచి ఈ విషయాన్ని చూశారు. తీవ్రమైన నష్టాలు, ప్రమాదాలు ఎదుర్కొన్నవారిలో కొందరు తమ జీవితం పట్ల, ఇతరులతో తమ సంబంధాల పట్ల, తమ శక్తి పట్ల కొత్త అవగాహన పొందామని చెప్పడం గమనించారు. వారు నొక్కి చెప్పినది ఏమిటంటే, ఆ ఎదుగుదల సంఘటనలోంచి రాలేదు. ఆ సంఘటన తలకిందులు చేసిన నమ్మకాలను మళ్ళీ నిర్మించుకోవడానికి మనిషి పడ్డ పెనుగులాటలోంచి వచ్చింది. ఎదిగినవారికి బాధ పోదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఈ పరిశోధన మీద విమర్శలు కూడా ఉన్నాయి. ఎదిగామని మనిషి చెప్పుకోవడం వేరు, నిజంగా ఎదగడం వేరు అని. ఆ విమర్శ సబబైనదే. అందుకే నేను మాటలను కాక పనులను చూడమంటాను.

దుర్గాబాయి పనులను చూద్దాం. బయటికి వచ్చిన తరువాత ఆమె చదువు మొదలుపెట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు కట్టారు. ఒకప్పుడు ఇంగ్లీషును రుద్దుతున్నారని బడి మానేసిన అమ్మాయి, ఇరవై దాటిన తరువాత ఆ భాష పాఠాలు కూడా ముందు వేసుకుని కూర్చున్నారు. నాకు ఇది ఉప్పు సత్యాగ్రహం కంటె తక్కువ సాహసంగా కనిపించదు. చిన్ననాటి నిర్ణయాన్ని తప్పని తిట్టుకోవలసిన అవసరం లేదు. అది ఆ కాలానికి, ఆ ఉద్యమానికి సరైన నిరసనే కావచ్చు. అలాగని ఒకసారి తీసుకున్న వైఖరిని పరువు కోసం పట్టుకుని వేలాడనవసరమూ లేదు. మన ప్రాంతంలో పట్టుదలకు చాలా గౌరవం ఉంది. పట్టిన పట్టు విడవకపోవడాన్ని కథలుగా చెప్పుకుంటాం. పాత పట్టును సమయం వచ్చినప్పుడు మర్యాదగా వదులుకున్నవారి గురించి మనకు కథలు తక్కువ.

తరువాత ఆమె రాజనీతి శాస్త్రంలో ఆనర్స్ చదవడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. అప్పటి ఉపాధ్యక్షులు, అంటే వైస్ చాన్సలర్, కట్టమంచి రామలింగారెడ్డి గారు. స్త్రీలకు వసతి గృహం లేదు కనుక చేర్చుకోవడం కష్టమన్నారు. ఇది చిన్న అడ్డంకి లాగా వినిపిస్తుంది కాని, ఆ రోజుల్లో ఎందరి చదువో ఇక్కడే ఆగిపోయింది. ఆమె పత్రికలో ఒక ప్రకటన ఇచ్చారు. ఇదే కారణం వల్ల చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమని. కొందరు రాశారు. వారందరూ కలిసి ఒక ఇంట్లో ఉంటూ తమ వసతి గృహాన్ని తామే నడుపుకున్నారు. విశ్వవిద్యాలయానికి ఇక అభ్యంతరం చెప్పడానికి కారణం మిగలలేదు.

ఈ ప్రకటన గురించి ఒక్క నిమిషం ఆగుతాను. హాస్టలు లేదన్న మాట వినగానే మనలో ఎక్కువమంది చేసేది సిఫారసు వెతకడం. నా ఒక్కదానికి ఏదో ఏర్పాటు చేయండి, ఎవరైనా ప్రొఫెసరు గారింట్లో ఉంటాను, అని అడగడం. అది తప్పని నేను అనను, అవసరం అలాంటిది. కాని ఆమె ఆలోచన వెంటనే "ఈ గోడకు తల కొట్టుకుంటున్నది నేనొక్కదాన్నేనా?" అన్న వైపు వెళ్ళింది. జైలులో అలవడిన చూపు ఇక్కడ పని చేసింది. దీనికి పరిశోధనలోనూ ఒక దాఖలా ఉంది. జేమ్స్ పెనబేకర్ అనే మనస్తత్వవేత్త 1980లలో, తమను బాగా కలచివేసిన అనుభవం గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున రాయమని విద్యార్థులకు చెప్పి, ఆ రాత వారి ఆరోగ్యం మీద చూపిన ప్రభావాన్ని పరిశీలించారు. తరువాతి కాలంలో ఇలాంటి రాతలను విశ్లేషించినప్పుడు, మొదటి రోజునుంచి చివరి రోజు వరకు "నేను, నాకు, నన్ను" అన్న చోటనే నిలబడిపోయినవారికంటె, ఒక రోజు తన వైపునుంచి, మరో రోజు ఎదుటివారి వైపునుంచి చూడగలిగినవారికి మేలు ఎక్కువగా జరిగినట్టు కనిపించింది. మీరు డైరీ రాసే అలవాటు ఉన్నవారైతే, పాత పేజీలు తీసి ఈ ఒక్క విషయం చూసుకోండి. ఆ పేజీలలో మీరు కాక ఇంకెవరైనా ఉన్నారా?

ఆనర్సు తరువాత ఆమె 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది న్యాయవాది అయ్యారు. వెల్లూరు ఆవరణలో తన దగ్గర లేదని తెలిసినది ఇప్పుడు చేతికి వచ్చింది. దాదాపు పదేళ్ళు పట్టింది. ఈ పదేళ్ళను గుర్తుపెట్టుకోండి. ఈ రోజుల్లో కష్టం వచ్చిన పదిహేను రోజులకే "దీని నుంచి నేను నేర్చుకున్న ఐదు పాఠాలు" అని రాసే అలవాటు వచ్చింది. నిజంగా నేర్చుకున్నామో లేదో పదిహేను రోజుల్లో ఎలా తెలుస్తుంది?

ఈ మధ్యలోనే, తన చదువు సాగుతుండగానే, 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ మొదలైంది. దాని తొలి పనులలో ఒకటి ఏమిటో తెలుసా? మద్రాసులోని తెలుగు అమ్మాయిలను బనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారు చేయడం. అంటే తాను ఏ సందులోంచి చదువులోకి తిరిగి వచ్చారో, ఆ సందునే ఇతరులకు బాటగా వెడల్పు చేయడం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమె దానికి తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ మండలి, బడి మధ్యలో మానేసిన పెద్ద వయసు స్త్రీల కోసం, ఏళ్ళ తరబడి సాగే బడి చదువును కుదించి తక్కువ కాలంలో పరీక్షకు సిద్ధం చేసే పథకాన్ని దేశమంతటా ప్రవేశపెట్టింది. బాల్యవివాహమై భర్త పోయినవారు, భర్త వదిలేసినవారు, పిల్లల పెంపకంలో చదువు ఆగిపోయినవారు ఆ తరగతులలో చేరి ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామ సేవికలు అయ్యారు. ఆ పథకం రాసిన చేతికి బడి మానేయడమంటే ఏమిటో, ఇరవై దాటాక అక్షరాలు, లెక్కలు మళ్ళీ ముందేసుకోవడమంటే ఏమిటో తెలుసు. ఢిల్లీ కార్యాలయంలో కూర్చుని గణాంకాలు చూసి మాత్రమే రాసినది కాదు. అదే సంవత్సరం స్త్రీ విద్య మీద ఏర్పాటైన జాతీయ సంఘానికి కూడా ఆమే అధ్యక్షత వహించారు.

రాజ్యాంగ సభలో ఉన్న పదిహేను మంది స్త్రీలలో ఆమె ఒకరన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1952 ఎన్నికలలో ఓడిపోయారన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. ఆ ఓటమి గురించి నేను పెద్దగా చెప్పేది ఏమీ లేదు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు, పని కొనసాగించారు. అన్ని దెబ్బలూ పాఠాలు కావు, కొన్నిటిని దాటి వెళ్ళిపోవడమే పని. నలభై మూడేళ్ళ వయసులో, 1953లో, అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహం చేసుకున్నారు. ఎనిమిదేళ్ళ వయసులో ఎవరో నిర్ణయించిన పెళ్ళికీ, దీనికీ మధ్య ముప్పై ఐదేళ్ళు.

ఇంతవరకు విన్న తరువాత మీలో కొందరికి ఒక అభ్యంతరం రావాలి. రాకపోతే నేనే తెస్తాను. ఆమె సంగతి సరే, ఆ వెల్లూరు జైలులో ఉన్న మిగిలిన స్త్రీల సంగతేమిటి? వారి కష్టం ఆమె కష్టంకంటె పెద్దది. వారిలో ఎవరూ న్యాయవాదులు కాలేదు, చరిత్రలోకి ఎక్కలేదు. కష్టం మనిషిని పెంచేదైతే అందరికంటె ఎక్కువ ఎదగవలసినవారు వారే కదా.

ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నంత చెబుతాను. దుర్గాబాయి వెనుక, కాపురానికి వెళ్ళనన్నప్పుడు అండగా నిలిచిన తండ్రి ఉన్నారు, తమ్ముడు ఉన్నాడు. ఊరంతా కదిలిన ఒక ఉద్యమం ఉంది. శిక్షకు ఒక గడువు ఉంది. ఆలోచించడానికి కావలసిన భద్రత ఎంతో కొంత ఉన్నవారే కష్టాన్ని ఆలోచనగా మార్చుకోగలరు. ఆకలితో ఉన్నవారికి, రోజూ దెబ్బలు తింటున్నవారికి ఆత్మపరిశీలన చేసుకోమని చెప్పడం క్రూరత్వం. వారికి ముందు కావలసింది అన్నం, రక్షణ, లాయరు. దుర్గాబాయి గారికి ఈ సంగతి అర్థమైందని ఆమె ఎన్నుకున్న పనులే చెబుతాయి. ఆమె ఉపన్యాసాలతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రులు, హాస్టళ్ళు, శిక్షణ కేంద్రాలు పెట్టారు.

అలాగే మీ విషయంలోనూ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పరీక్ష తప్పడం, కోరుకున్న సీటు రాకపోవడం, ప్రేమ చెడిపోవడం, ఇంట్లో ఆర్థికంగా దెబ్బ తగలడం వంటివి బాధించినా ఆలోచనకు లొంగుతాయి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం దండగ అన్న ఆలోచన వస్తున్నా, అది ఆత్మపరిశీలన చేయవలసిన సమయం కాదు, వైద్యుడిని చూడవలసిన సమయం. జ్వరం వస్తే ఎలా సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళతామో అలాగే వెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఫలితాలు వచ్చే వారంలో మన రెండు రాష్ట్రాలలోనూ వచ్చే వార్తలు చదివినవారికి ఈ నంబరు ఎందుకు చెబుతున్నానో వేరే చెప్పనక్కరలేదు. మీ ఫోనులో రాసుకోండి, మీకు అవసరం లేకపోయినా మీ పక్కగదిలోని మనిషికి ఉండవచ్చు.

లొంగే కష్టాల విషయంలో, దుర్గాబాయి జీవితంనుంచి నాకు పనికివచ్చినట్టు తోచిన ఒక పద్ధతి ఉంది. దాన్ని సూత్రంగా కాక ఉదాహరణతో చెబుతాను. క్యాంపస్ ఇంటర్వ్యూలో ఒక విద్యార్థి మూడవ రౌండులో పోయాడనుకోండి. "నాకు ఇంగ్లీషు రాదు, మాది పల్లెటూరు, నాకు ఇంతే" అన్నది మొదటి ఆలోచన. దీనిలో మూడు ముక్కలున్నాయి. మూడింటిలో ఒక్కటే పని చేయగలిగినది. పల్లెటూరు మారదు, "ఇంతే" అన్నది అభిప్రాయం. ఇంగ్లీషు రాకపోవడం కూడా ఇంకా వదులుగా ఉన్న మాటే. చదివితే అర్థం కాదా, అర్థమైనా నోరు తిరగదా, నోరు తిరిగినా ఎదుటివారు చూస్తుంటే గొంతు ఆరిపోతుందా? ఇవి మూడు వేర్వేరు లోపాలు, మూడింటికీ వేర్వేరు సాధన కావాలి. అంత చిన్న ముక్కగా విరిచేదాకా ఆగకుండా అడిగితే, ఏదో ఒక చోట "రేపు ఉదయం చేయగలిగిన పని" దొరుకుతుంది. ఆ తరువాత అదే రౌండులో పోయిన మరో నలుగురిని వెతికితే, సాయంత్రం ఒక ఖాళీ తరగతి గదిలో కూర్చోవడానికి జనం దొరుకుతారు. వాల్తేరులో పత్రికా ప్రకటన చేసిన పని ఇదే. ఇప్పుడు పత్రికకు డబ్బు కట్టనవసరం లేదు, వాట్సాప్ గ్రూపు చాలు.

చివరగా ఒక సంగతి. ఆమె 1953లో చైనా పర్యటనకు వెళ్ళినప్పుడు అక్కడ కుటుంబ వివాదాల కోసం ప్రత్యేకంగా ఉన్న న్యాయస్థానాలను చూశారు. భార్యాభర్తల తగవును క్రిమినల్ కేసులు నడిచే హాలులోనే నడపడం, ఆడవాళ్ళు ఆ వాతావరణానికే బెదిరిపోయి సగం మాటలు మింగేయడం మన దేశంలో ఆమెకు తెలిసినవే. జైలులో చూసిన స్త్రీలకు జరిగినదీ ఒక రకంగా అదే. తిరిగి వచ్చి ఇలాంటి న్యాయస్థానాలు ఇక్కడా ఉండాలని న్యాయమూర్తులు ఎం.సి. చాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్లతోనూ, నెహ్రూతోనూ చర్చించారు. మన దేశంలో కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. దుర్గాబాయి 1981 మే 9న మరణించారు. మన పట్టణాలలోని ఫ్యామిలీ కోర్టులు ఎలా పని చేస్తున్నాయి, ఆమె కోరినట్టు ఉన్నాయా లేదా అన్న దాని మీద నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి. న్యాయశాస్త్రం చదవాలనుకుంటున్న విద్యార్థినులు ఈ సభలో ఉన్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు కనుక, ఆ సంగతి ప్రశ్నల సమయంలో వారితో మాట్లాడతాను.